కళ్లు మూసుకుంటే చీకటి తప్ప ఏమీ కనిపించని వారు ఇక్కడ ఇంకెవరైనా ఉన్నారా?

కాలువగట్టు (విజయవాడ)

ఈ వేసవిలో ఒక ఉదయం నడకకు వెళ్లి వస్తుంటే బందరు కాలువ గట్టు మీద ఒక కుర్రవాడు నా మెడలో గొలుసు తెంపుకుని బండి మీద వెళ్లిపోయాడు. మా వారు కొంచెం వెనకగా వస్తున్నారు కాబట్టి ఆయనా చూశారు. పోలీసు స్టేషనులో ఇద్దరినీ విడివిడిగా అడిగారు. మా వారు కళ్లు మూసుకుని, ఎదురుగా ఉన్న మనిషిని చూసి చెబుతున్నంత ధీమాగా చెప్పుకుపోయారు: కోల ముఖం, కలిసిన కనుబొమలు, ఎడమ చెవికి పోగు. నేను చెప్పగలిగింది ఇంతే: పాతికేళ్ల లోపువాడు, సన్నగా ఉన్నాడు, మీసం లేదు, నీలం చొక్కా. "కంగారు పడకండమ్మా, కళ్లు మూసుకుని ఆ ముఖాన్ని ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి" అన్నాడు రాసుకుంటున్నాయన. మూసుకున్నాను. ఎప్పటిలాగే చీకటి. ఆ మాటే చెబితే, పాపం భయపడి ఉంటుందని మంచినీళ్లు తెప్పించారు.

భయం వల్ల కాదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ కళ్లు మూసుకుంటే ఉన్నది చీకటే. మా అమ్మ ముఖం రాదు, మా ఇల్లు రాదు, ఇంద్రకీలాద్రి రాదు. వాటి గురించి అన్నీ తెలుసు. ప్రకాశం బ్యారేజీకి ఏ పక్కన కొండ ఉందో, ఏ కొసన సీతానగరం ఉందో తడుముకోకుండా చెబుతాను. బొమ్మ మాత్రం లేదు. అందరూ ఇంతేననుకున్నాను. ఆ రాత్రి మా వారిని గుచ్చి గుచ్చి అడిగితే తెలిసింది, ఆయనకు నిజంగానే కనిపిస్తుందట, రంగులతో సహా!

ఇంకో విచిత్రం వినండి. కొన్నాళ్లకు స్టేషనుకు పిలిచి ఫోటోలు చూపించారు. మా వారు రెండు ఫోటోల మధ్య ఊగిసలాడుతుంటే నేను చూడగానే వేలు పెట్టి చూపించాను. వాడే. గొలుసు కూడా దొరికింది, సగం. మరి ఆ ముఖం నా బుర్రలో లేకపోతే ఎలా పోల్చినట్టు?

దీన్ని అఫాంటేసియా అంటారని మా అమ్మాయి చెప్పింది. మీలో ఎవరికైనా ఇలా ఉందా? కనిపించేవాళ్లు కూడా చెప్పండి, మీకు ఏం కనిపిస్తుంది, ఎక్కడ కనిపిస్తుంది?

ఆటోనగర్ మేస్త్రీ (విజయవాడ)

అక్కా, నాకు బాగా కనిపిస్తుంది. కొత్త లారీ చాసిస్ షెడ్డులోకి రాగానే పూర్తయిన బండి ముందు నిలబడుతుంది. క్యాబిను నుదుటి మీద దేవుడి పేరు ఏ రంగులో రాయాలి, పక్క పలకల మీద నెమలి ఎటు తిరిగి ఉండాలి, అన్నీ. దాని చుట్టూ తిరిగి వెనక తలుపు కూడా చూసి వస్తాను. ఎక్కడ కనిపిస్తుందని అడిగారు. ఎదురుగా ఉన్నవాటికి అడ్డం రాదు. తల లోపల ఇంకో చోటు ఉంది, కొంచెం పైకి. ఇంతకన్నా చెప్పలేను.

మా షెడ్డులో చెక్కపని చేసే పెద్దాయనకు మీరు రాసింది చదివి వినిపించాను. నవ్వాడు. ఆయనకూ చీకటేనట. నేను "బాబాయ్, ఇలా ఉంటే బాగుంటుంది" అని గాలిలో చేతులు తిప్పితే "ఎన్ని అడుగులు, ఎన్ని అంగుళాలు, అది చెప్పు" అని కసురుతాడు. కొలత చేతిలో పడితే ఇక ఏమీ అడగడు. ఆయన కోసిన పలక వృథా అయిన రోజు నాకు గుర్తు లేదు.

శంకర్‌విలాస్ సెంటరు (గుంటూరు)

క్షమించాలి, నాకు ఇదంతా కొత్త రకం వేలంవెర్రిలా ఉంది. ఇంటర్నెట్టులో ఒక పేరు కనిపించగానే అది తమకు ఉందని అనుకునేవారు ఎక్కువయ్యారు. ఎవరికీ తల లోపల సినిమా ఆడదు. ఒకరు "కనిపిస్తోంది" అంటారు, ఇంకొకరు "తెలుస్తోంది" అంటారు. జరిగేది ఒకటే. ఒకరి తలలోకి ఇంకొకరు వెళ్లి చూడలేరు కాబట్టి ఈ వాదన తేలేది కాదు. కాలువగట్టు గారూ, మీరు దొంగను పోల్చారంటేనే ముఖం మీలో ఉందని అర్థం. ఇంకేం కావాలి?

నరాల డాక్టరు (గుంటూరు)

మాస్టారూ, మీ అనుమానం మంచిదే. చాలాకాలం శాస్త్రవేత్తలకూ అదే అనుమానం. 1880లో ఫ్రాన్సిస్ గాల్టన్ ఇంగ్లండులో తనకు తెలిసినవారిని, "ఈ ఉదయం ఫలహారం తిన్న బల్లను మనసులో తెచ్చుకుని ఎంత స్పష్టంగా ఉందో చెప్పండి" అని అడిగాడు. కొందరు పళ్లెం అంచు కూడా చూశారు. కొందరు శాస్త్రవేత్తలు మాత్రం మనసులో కనిపించడమనేదే వట్టి కల్పన అని, అచ్చం మీలాగే, వాదించారు. తమకు లేనిది లోకంలో ఎవరికీ లేదనుకున్నారు. అందుకే ముందుగా మిమ్మల్ని అడుగుతున్నాను: మీకు ఏం కనిపిస్తుంది?

తరువాత సుమారు నూరేళ్లపాటు దీన్ని పట్టించుకున్నవారు తక్కువ. 2010లో ఆడమ్ జీమన్ అనే బ్రిటిష్ నరాల వైద్యుడు, అతని సహచరులు ఒక 65 ఏళ్ల మనిషి గురించి రాశారు. గుండెకు యాంజియోప్లాస్టీ అయిన తరువాత ఆయనకు మనసులో బొమ్మలు ఒక్కసారిగా పోయాయి. ఆ సంగతి ఒక పత్రికలో వస్తే చదివినవారు కొందరు ఉత్తరాలు రాశారు: మాకు పోవడం కాదు, పుట్టినప్పటి నుంచే లేవు అని. అలాంటి 21 మంది గురించి 2015లో రాసిన వ్యాసంలో ఈ పేరు పెట్టారు. రోగం పేరు కాదు, అది గుర్తుంచుకోండి. ఒక తేడాకు పెట్టిన పేరు.

ఇక తలలోకి వెళ్లి చూడలేమన్న మాట. కొంతవరకు చూడవచ్చు. ఒక కంటికి ఎర్ర గీతలు, ఇంకో కంటికి ఆకుపచ్చ గీతలు ఒకేసారి చూపిస్తే మెదడు రెంటినీ కలపదు, ఏదో ఒకటే కనిపిస్తుంది. ముందుగా ఎర్రటివి ఊహించమంటే మామూలు వారికి తరువాత ఎర్రవే కనిపించే అవకాశం పెరుగుతుంది. ఆస్ట్రేలియాలో జోయెల్ పియర్సన్ బృందం 2018లో చూస్తే, బొమ్మలు రానివారికి ఆ మొగ్గు లేదు. 2022లో అదే బృందం కంటిపాపలను కొలిచింది. వెలుతురుగా ఉన్న ఆకారాన్ని ఊహించుకుంటే చాలామందికి కంటిపాప చిన్నదవుతుంది, ఎదుట నిజంగా వెలుతురు లేకపోయినా. అఫాంటేసియా ఉన్నవారికి ఆ మార్పు లేదు. ప్రయత్నించకుండా కూర్చున్నారేమో అంటారా, ఒకటికి బదులు నాలుగు ఆకారాలు ఊహించమంటే శ్రమకు వారి కంటిపాపలూ పెద్దవయ్యాయి. కంటిపాపకు వేలంవెర్రి ఉండదు కదా.

శంకర్‌విలాస్ సెంటరు (గుంటూరు)

డాక్టరమ్మా, నాకు మసకగా కనిపిస్తుంది. తెల్లవారుజామున ఊరు కనిపించినంత. కాబట్టి గాల్టన్ మిత్రుల జాబితాలో నన్ను వేయకండి.

కంటిపాప సంగతి ఒప్పుకుంటాను. కానీ నా ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు. ఆమె ముఖాన్ని పోల్చారు. బొమ్మ లోపల ఉంది గాని ఆమెకు దాని మీద స్పృహ లేదని ఎందుకు అనుకోకూడదు? లేకపోవడం వేరు, అందకపోవడం వేరు.

నరాల డాక్టరు (గుంటూరు)

ఇప్పుడు అసలు చోటికి వచ్చారు. పరిశోధకులు కొట్టుకుంటున్నదీ ఇక్కడే. ఊహించమన్నప్పుడు వీరి మెదడులోనూ దృశ్యానికి సంబంధించిన భాగంలో ఏదో జాడ దొరుకుతోంది, కానీ అది కంటితో చూసినప్పటి జాడను పోలి లేదు అని ఈ మధ్య పరిశోధనలు చెబుతున్నాయి. అది "స్పృహకు అందని బొమ్మ" అనాలా, బొమ్మే కాని వేరే ఏదో అనాలా అన్నది తేలలేదు.

పోల్చడం మాత్రం వేరే పని. ఎదురుగా ఉన్నదాన్ని చూసి "ఇది అదే" అనడానికి లోపల బొమ్మ గీసుకోనక్కర లేదు. అయితే అఫాంటేసియా ఉన్నవారిలో కొందరికి ముఖాలు పోల్చడం కూడా కష్టమే. కాలువగట్టు గారికి ఆ ఇబ్బంది లేనట్టుంది.

కాలువగట్టు గారూ, మీ వారి సంగతి కూడా ఒకటి చెప్పాలి. 2021లో ఒక పరిశోధనలో గదుల ఫోటోలు చూపించి, తరువాత జ్ఞాపకం నుంచి గీయమన్నారు. బొమ్మలు రానివారు తక్కువ వస్తువులు గీశారు, రంగులూ తక్కువే. అయితే గీసినవి సరైన చోట గీశారు. అసలు గదిలో లేని వస్తువులను చేర్చడం వీరిలో తక్కువ. మనసులో బొమ్మ కనిపించినంత మాత్రాన అది నిజం కానక్కర లేదు. ఆ చెవిపోగు ఫోటోలో ఉందా?

కాలువగట్టు (విజయవాడ)

లేదు! మా వారికి ఇది చూపిస్తే "తీసేసి ఉంటాడు" అంటున్నారు.

చుక్కలముగ్గు (గుంటూరు)

నేనూ మీ జట్టే అండీ. కోరిటెపాడులో మా వీధిలో సంక్రాంతి నెల పట్టిందంటే నా ముగ్గు చూడటానికి వస్తారు. "ఇంత పెద్ద ముగ్గు మనసులో ఎలా పట్టుకుంటారు" అని అడుగుతారు. పట్టుకోను. మనసులో ముగ్గు లేదు.

నాకు తెలిసింది లెక్క. 15 చుక్కలు, సందు చుక్క, 8 వచ్చేవరకు. నడి వరుసలో మధ్య చుక్క దగ్గర మొదలు. అక్కడి నుంచి రెండు చుక్కలు దాటి వంపు, వెనక్కి ఒకటి, కింది వరుసలోకి దిగి మళ్లీ వంపు. ఒక పక్క అయితే మిగతా ఐదు పక్కలూ అదే. పిండి పట్టుకున్న వేళ్లకు వరుస తెలుసు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే ఎక్కడ ఉన్నానో కింద చూసి తెలుసుకోవాలి, లోపల చూసుకోవడానికి ఏమీ లేదు. పూర్తయ్యాక నిలబడి చూస్తాను. అప్పుడు నాకూ కొత్తే. వీధిలోని మిగతావారితో పాటు నేనూ మొదటిసారి చూస్తాను. ఈ ఆనందం మనసులో ముందే చూసుకునేవారికి ఉండదని నా గట్టి నమ్మకం, ఎవరు ఏమన్నా సరే.

చేతకానిది రంగులు. ఏ రంగు పక్కన ఏది నప్పుతుందో వేసి చూస్తే తప్ప తెలియదు. చీరల కొట్టులో జాకెట్టు గుడ్డ కోసం చీర పట్టుకుని వెళ్లాల్సిందే. "ఆకుపచ్చేలే, ఇంట్లో ఉన్నదానికి సరిపోతుంది" అనే ధైర్యం నాకు లేదు.

బ్రాడీపేట నాలుగోలైను (గుంటూరు)

మా పేట నాకోసమే కట్టారు. ఇన్నో లైను, ఇన్నో అడ్డరోడ్డు, అయిపోయింది. ఎవరింటికి వెళ్లాలన్నా రెండు అంకెలు చాలు. "ఆ మలుపులో పాత మేడ కనిపిస్తుంది చూడండి, దాని పక్క సందు" అని విజయవాడ వన్‌టౌనులో దారి చెప్పేవారి మాట నాకు ఒక్కటీ అంటదు. కానీ ఒకసారి నడిచిన సందు మాత్రం మరిచిపోను. ఎటు తిరగాలో ఒళ్లే చెబుతుంది. మా ఆవిడకు ప్రతి వీధీ మనసులో కనిపిస్తుందట, అయినా కాళేశ్వరరావు మార్కెట్టు నుంచి బయటికి రావడానికి నన్నే ముందు నడవమంటుంది.

ఇంటరు అబ్బాయి తల్లి (విజయవాడ)

అందరూ సరదాగా రాస్తున్నారు, నాకు మాత్రం భయంగా ఉంది. మా అబ్బాయి ఇంటరు రెండో సంవత్సరం, ఇంజనీరింగు ప్రవేశ పరీక్షకు ఇక్కడే హాస్టల్లో ఉండి చదువుతున్నాడు. లెక్కల్లో బాగా వస్తాయి. ఆర్గానిక్ కెమిస్ట్రీలో అణువును మనసులో తిప్పి చూడమంటే తనకు రావడం లేదని, అందరికీ వస్తోందని ఫోనులో ఏడ్చాడు. ఈ చర్చ వాడికి పంపించాను. "అమ్మా, నాకూ చీకటే" అన్నాడు. వీడు ఇంజనీరు కాలేడా? దీనికి మందు ఏమైనా ఉందా డాక్టరు గారూ?

నరాల డాక్టరు (గుంటూరు)

మందు లేదమ్మా, అవసరమూ లేదు. ఇది జబ్బు కాదు. మసకగా వచ్చేవారితో కలిపి లెక్కేస్తే నూటికి సుమారు 4 మంది, అసలు ఏమీ రానివారు నూటికి ఒకరికన్నా తక్కువ. మీ అబ్బాయి తరగతి గదిలోనే ఇంకొకరు ఉండి ఉంటారు, చెప్పుకోకుండా. దీన్ని నయం చేస్తామని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

రిటైర్డు లెక్కల మాస్టారు (విజయవాడ)

అమ్మా, ఎడ్ కాట్‌మల్ అని ఒకాయన ఉన్నాడు. పిక్సార్ స్టూడియోను స్థాపించినవారిలో ఒకడు, చాలాకాలం దాని అధ్యక్షుడు. వంకర ఉపరితలాలను కంప్యూటర్ మీద గీయడానికి దారి వేసినవాడు. 2019 సంవత్సరానికి ట్యూరింగ్ అవార్డు పంచుకున్నాడు. ఆయనకు మనసులో ఒక్క బొమ్మ రాదు. తానే చెప్పాడు. డిస్నీ బొమ్మల చిత్రకారుడు గ్లెన్ కీన్‌కూ రాదు, ఆయన కాగితం మీద గీతలు గీస్తూ గీస్తూ ఉంటే పాత్ర అక్కడ బయటికి వస్తుంది. కాబట్టి ఇంజనీరింగు సంగతి మరిచిపోండి, బొమ్మలు గీసే ఉద్యోగానికి కూడా ఇది అడ్డం కాలేదు.

ఇక చదువు. మా రోజుల్లో ఘనజ్యామితి చెప్పేటప్పుడు "ఊహించుకోండిరా" అనే మాట నేను బాగా వాడేవాణ్ణి. చేతికి వస్తువు ఇవ్వలేని పంతులు వాడే మాట అది. మీథేనులో కార్బను చుట్టూ నాలుగు బంధాలు, ఏ రెంటి మధ్య చూసినా 109.5 డిగ్రీలు. దీన్ని మనసులో తిప్పనక్కర లేదు. బంతులూ పుల్లలూ ఉన్న నమూనా ఒకటి చేతికిచ్చి తిప్పమనండి. అద్దంలో బొమ్మ, అసలు అణువు ఒకదానిమీద ఒకటి కూర్చుంటాయా లేదా అన్నదానికి పరీక్షలో నియమం ఉంది: గుంపులకు ప్రాధాన్య క్రమం ఇచ్చి, చివరిదాన్ని మనకు దూరంగా ఉంచి, మిగతా మూడూ ఎటు తిరుగుతున్నాయో చూడటం. కాగితం మీద ఏ రెండు గుంపులను మార్చినా కుడి ఎడమ అవుతుంది, ఎడమ కుడి అవుతుంది. ఇంత లెక్క చాలు. లెక్కలు వచ్చే పిల్లవాడికి ఇది ఒక సాయంత్రం పని.

ఒక్కటే జాగ్రత్త. వాడికి ఈ పేరు అంటగట్టకండి. రేపు ఏ పాఠం రాకపోయినా దాని మీదికి తోసేస్తాడు, ఈ వయసులో కుర్రవాళ్లు గట్టివాళ్లు.

గంట కొట్టే పృచ్ఛకుడు (గుంటూరు)

కొంచెం పక్కకు వెళుతున్నాను, మన్నించండి. అవధానాల్లో పృచ్ఛకుడిగా కూర్చునే అలవాటు ఉంది, ఎక్కువసార్లు ఘంటానాదం నాకే ఇస్తారు. అష్టావధానంలో ఎనిమిది మంది ఎనిమిది వైపుల నుంచి లాగుతారు. ఒక్కో పద్యం ఒక్కో పాదంగా నాలుగు వరుసల్లో పూర్తవుతుంది. చివర ధారణలో అన్నీ వరుసగా అప్పజెప్పాలి, నేను కొట్టిన గంటల లెక్కతో సహా.

ఈ చర్చ చదివి ఒక అవధాని గారిని అడిగాను, "మీకు పాదాలు రాసినట్టు కనిపిస్తాయా" అని. ఆయనకు కనిపించవట. వినిపిస్తాయట. యతి దగ్గర గొంతు ఎక్కడ ఆగిందో, ప్రాస ఏ అక్షరమో, అది పట్టుకుంటే పాదం దానంతట అదే వచ్చేస్తుందన్నారు. వర్ణన ఇచ్చినప్పుడు కృష్ణవేణిని కళ్ల ముందు చూసి చెబుతారా అంటే, "చూస్తూ కూర్చుంటే పద్యం ఎవరు చెబుతారు" అన్నారు. బొమ్మ లేకపోతే జ్ఞాపకం ఎలా అని అడిగేవారికి ఇది చెబుదామని.

శంకర్‌విలాస్ సెంటరు (గుంటూరు)

ఒక అవధాని గారి మాట పట్టుకుని సిద్ధాంతం చేయకండి. ఇంకొక అవధానిని అడిగితే పద్యం గోడ మీద రాసినట్టు కనిపిస్తుందని చెప్పవచ్చు.

గంట కొట్టే పృచ్ఛకుడు (గుంటూరు)

చెప్పవచ్చు. ఇద్దరికీ ధారణ కుదిరితే నాకు చాలు.

శ్రోత (గుంటూరు)

నేను ఫోనుతో మాట్లాడితే అది రాస్తుంది, అక్షరదోషాలు ఉంటే దానివే. గ్లకోమా వల్ల ముప్పైల్లో నా చూపు పోయింది. మీరు రాసినవన్నీ విన్నాక నా సంగతీ చెప్పాలనిపించింది.

నాకు ఇప్పటికీ బొమ్మలు కనిపిస్తాయి. బీసెంట్ రోడ్డు నేను చివరిసారి చూసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది, ఆ తోపుడు బండ్లు, ఆ బోర్డులు. ఇప్పుడు అక్కడికి వెళితే పక్కన ఉన్నవారు చెప్పే కొట్ల పేర్లు ఆ బొమ్మలో ఎక్కడా ఇమడవు. మా అమ్మాయి నా చూపు పోయిన తరువాత పుట్టింది. దాని ముఖం నాకు ఒకటి ఉంది. గొంతు విని, బుగ్గలు తడిమి, మా ఆవిడ చిన్నప్పటి ఫోటో గుర్తు తెచ్చుకుని నేనే చేసుకున్నాను. అది కల్పన అని తెలుసు. అయినా దాన్ని తలుచుకున్న ప్రతిసారీ ఆ ముఖమే వస్తుంది, వద్దన్నా పోదు.

పుట్టుకతోనే చూపు లేని స్నేహితుడు ఒకడు ఉన్నాడు నాకు. వాడికి ఇవేవీ లేవు, కావాలనీ లేదు. గది ఎంత పెద్దదో చప్పట్లు కొట్టి చెబుతాడు.

కాలువగట్టు గారూ, మీకు కలల్లో ఏం జరుగుతుంది?

కాలువగట్టు (విజయవాడ)

కలల్లో కనిపిస్తుందండీ! రంగులతో, ముఖాలతో. అదే నాకు అంతుపట్టదు. లేచిన క్షణంలో పోతుంది, కలలో ఏం జరిగిందో కథగా మిగులుతుంది. నాలాంటివారు చాలామందికి కలలు వస్తాయని డాక్టరు గారు నాకు విడిగా రాశారు. కావాలని తెచ్చుకోవడం వేరట, దానంతట అదే రావడం వేరట.

మీ అమ్మాయి ముఖం గురించి చదివి కాసేపు ఫోను పక్కన పెట్టేశాను. మా అమ్మ పోయి చాలాకాలం అయింది. కర్మ రోజుల్లో బంధువులంతా "కళ్లలోనే మెదులుతోంది" అని ఏడుస్తుంటే నేను వంటింట్లో గిన్నెలు లెక్కపెట్టాను. రాతిగుండె అని మా పిన్ని అననే అంది. అమ్మ గురించి నాకు గుర్తున్నవి వేరు. గోంగూర నూరేటప్పుడు మధ్యలో ఆపి ఉప్పు చూసేది. నన్ను పిలిచేటప్పుడు పేరులో రెండో అక్షరం సాగదీసేది. ఆ గొంతు నాకు వినిపిస్తుందా అంటే అదీ లేదు, సాగదీసేదని తెలుసు, అంతే. ఫోటో చూస్తే మాత్రం తట్టుకోలేను. అందుకని ఫోటో బీరువాలో పెట్టాను, హాల్లో పెట్టలేదు. దానికి కూడా మా పిన్ని ఏదో అంది.

టోల్‌గేట్ దగ్గర (గుంటూరు)

మీకు లేనిది నాకు మరీ ఎక్కువ. గుంటూరు నుంచి విజయవాడకు రోజూ ఉద్యోగానికి తిరుగుతాను. మంగళగిరి దాటాక ఒక ప్రమాదం నా ఎదుటే జరిగింది. అది ఇప్పటికీ వంట చేస్తుంటే వస్తుంది, ఫైలు చూస్తుంటే వస్తుంది. చెప్పు ఒకటి రోడ్డు మీద పడి ఉన్న తీరుతో సహా. ఎవరైనా ఆసుపత్రి కబుర్లు చెబుతుంటే లేచి వెళ్లిపోతాను, వాళ్లు చెప్పేది నాకు జరిగిపోతుంది. కాలువగట్టు గారూ, ఆ గొలుసు దొంగ మిమ్మల్ని రాత్రుళ్లు పీడించడం లేదంటే నాకు అసూయగా ఉంది.

నరాల డాక్టరు (గుంటూరు)

మీది రెండో కొస. హైపర్‌ఫాంటేసియా అంటారు. 2021లో ఒక ప్రయోగంలో చీకటి గదిలో భయపెట్టే కథలు చదివించి చర్మం మీద చెమట మార్పును కొలిచారు. సొరచేప రావడం, విమానం కూలబోవడం, అలాంటివి. మామూలు వారికి చెమట పెరుగుతూ పోయింది. బొమ్మలు రానివారికి దాదాపు మార్పు లేదు. కథలకు బదులు భయంకరమైన ఫోటోలు చూపిస్తే రెండు గుంపులకూ ఒకేలా పెరిగింది. కాలువగట్టు గారి బీరువాలో ఫోటో సంగతి చదివినప్పుడు నాకు ఇదే గుర్తుకు వచ్చింది. రాతిగుండె కాదని మీ పిన్నిగారికి చెప్పండి.

కానీ టోల్‌గేట్ గారూ, ప్రమాదం చూసినవారికి దృశ్యం ఇలా వద్దన్నా తిరిగి తిరిగి రావడం ఊహాశక్తి ఒక్కదాని పని కాదు. నిద్ర, పని చెడుతుంటే సైకియాట్రిస్టును కలవండి. దీనికి మాత్రం మంచి చికిత్స ఉంది.

కొండమెట్లు (విజయవాడ)

ఇంతకీ ధ్యానం సంగతి ఎవరూ ఎత్తలేదు. ధ్యాన శ్లోకాలన్నీ రూపం చెబుతాయి: ఎన్ని చేతులు, ఏ చేతిలో ఏ ఆయుధం, ఏ రంగు వస్త్రం. దసరాల్లో కొండ మీద అమ్మవారిని ఒకరోజు గాయత్రిగా, ఒకరోజు అన్నపూర్ణగా, మూలా నక్షత్రం నాడు సరస్వతిగా చూసి వస్తాను. మెట్లు దిగేసరికి ఏమీ ఉండదు. భక్తి తక్కువని అనుకుని ఎవరికీ చెప్పలేదు. చివరికి మా ఊరి అర్చకుడు గారిని అడిగాను. "మంత్రానికి చెవి, పువ్వుకు చెయ్యి, అమ్మవారికి కన్ను. మూడూ ఒకడికే ఉండాలని ఎక్కడ ఉంది? నామం చెప్పుకో" అన్నారు. చెప్పుకుంటున్నాను.

భవానీపురం బాబాయి (విజయవాడ)

నాది వేరే సంగతి డాక్టరు గారూ. మా అన్నయ్యకు పోయిన వారం నుంచి మనసులో ఏమీ కనిపించడం లేదట. ఇంతకు ముందు బాగా కనిపించేది, పొలం గట్లన్నీ చెప్పేవాడు. ఒంట్లో ఇంకేమీ తేడా లేదంటున్నాడు. ఇదీ అదేనా?

నరాల డాక్టరు (గుంటూరు)

కాదు, దీన్ని తేలికగా తీసుకోకండి. పుట్టుకతో లేకపోవడం వేరు, ఉన్నది ఒక్కసారిగా పోవడం వేరు. చిన్న స్ట్రోకు వల్ల కావచ్చు, తీవ్రమైన మనోవ్యాకులత వల్ల కావచ్చు. 1883లోనే షార్కో అనే ఫ్రెంచి వైద్యుడు ఇలా బొమ్మలు పోయిన మనిషిని గురించి రాశాడు. రేపే నరాల వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లండి, మాట తడబడినా, చెయ్యి లాగినా ఈ రాత్రే అత్యవసర విభాగానికి. ఇక్కడ రాసి జవాబు కోసం చూడకండి.

భవానీపురం బాబాయి (విజయవాడ)

ఇప్పుడే బయలుదేరుతున్నాం.

ఇంటరు అబ్బాయి తల్లి (విజయవాడ)

మాస్టారూ, నమూనా కోసం ఏలూరు రోడ్డులో రెండు మూడు కొట్లు తిరిగాను. ఉన్నవి ఖరీదు ఎక్కువ, పెట్టెలో సగం బంతులు లేవు.

చుక్కలముగ్గు (గుంటూరు)

ఖర్చెందుకమ్మా. శనగలు రాత్రి నానబెట్టి పళ్లు కుట్టుకునే పుల్లలు గుచ్చమనండి. కార్బనుకు నల్ల శనగ, హైడ్రోజనుకు బఠాణీ.

ఇంటరు అబ్బాయి తల్లి (విజయవాడ)

ఆదివారం ఇంటికి వస్తే చేయించాను. మంచం నిండా పెట్టుకున్నాడు. అద్దం బొమ్మలు రెండూ ఎందుకు కలవవో నాకు కూడా చూపించాడు, నాకు అర్థమైంది గాని మళ్లీ అడిగితే చెప్పలేను. గుచ్చనివి మిగిలితే గుగ్గిళ్లు చేశాను.

రిటైర్డు లెక్కల మాస్టారు (విజయవాడ)

బెంజీను మాత్రం శనగలతో చేయించకండి. పుల్లలు నిలవవు. కాగితం మీద ఆరు మూలల గీత గీయమనండి, చాలు.